‘ఎత్తబడుట’: ఒక నిరీక్షణ నడిచి వచ్చిన దారి

భూస్థాపన కూడికల్లో తరచూ చదివే వాక్యభాగం ఒకటుంది: థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, నాలుగో అధ్యాయం, 13 నుంచి 18 దాకా. ఉజ్జీవ కూటాల్లో అదే భాగం విన్నప్పుడు దాని స్వరమే మారిపోతుంది. ముందు రహస్య రాకడ, విశ్వాసులు ఉన్నపళంగా ఎత్తబడటం, మిగిలినవాళ్లకు ఏడేండ్ల శ్రమలు, ఆపైన బహిరంగ రాకడ, వెయ్యేండ్ల పరిపాలన. ఈ వరస ఇలా పేర్చి బైబిల్లో ఏ ఒక్క చోటా లేదు.

పౌలు ఆ ఉత్తరం రాసింది క్రీ.శ. 50 ప్రాంతంలో. థెస్సలొనీక సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేనాటికి వీళ్లు లేకపోతే వీళ్ల గతేమిటన్నది బతికున్నవాళ్ల బెంగ. ముందు లేచేది వాళ్లేననీ, తర్వాత మనమూ వాళ్లతో కలిసి మేఘాల మీద ప్రభువును ఎదుర్కొంటామనీ పౌలు ధైర్యం చెప్పాడు. అక్కడి గ్రీకు క్రియ ‘హర్పజో’, అంటే ఒక్క ఉదుటున పట్టుకుపోవడం. లాటిన్ అనువాదం మీదుగా ఇంగ్లిషులో అది ‘రాప్చర్’ అయింది. తెలుగు బైబిల్లో ‘కొనిపోబడుదుము’ అని ఉంది. ‘ఎత్తబడుట’ సంఘాల్లో స్థిరపడిన వాడుక.

వెయ్యేండ్ల మాట ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలోది. రెండో శతాబ్దంలో జస్టిన్, ఐరేనియస్ దాన్ని అక్షరాలా నమ్మారు. ఐదో శతాబ్దంలో అగస్టీన్ అది సంఘకాలానికి గుర్తు అన్నాడు. పశ్చిమ దేశాల సంఘం వందల ఏళ్లు ఎక్కువగా ఆ దారినే నడిచింది. శ్రమల కాలంలో ఏలతాడని ఈ బోధలో చెప్పే ‘క్రీస్తు విరోధి’ అన్న పేరు ప్రకటన గ్రంథంలో ఎక్కడా లేదు, యోహాను పత్రికల్లోనే ఉంది. ఇక ఏడేండ్ల లెక్కకు ఆధారం దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బై వారాల్లో చివరి వారం, రోజును ఏడాదిగా లెక్కిస్తే.

వీటన్నిటినీ ఒకే దారాన గుచ్చి వ్యాప్తిలోకి తెచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ. 1800లో లండన్‌లో పుట్టాడు. ఐర్లండులో ఆంగ్లికన్ గురువుగా పనిచేసి, ఆ సంఘాన్ని విడిచి బ్రదరన్ సహవాసంలో ముఖ్యుడయ్యాడు. 1830ల మొదట్లో ఐర్లండులోని పవర్స్‌కోర్ట్‌లో జరిగిన ప్రవచన సభల్లో ఈ సంగతులు తీవ్రంగా చర్చకు వచ్చాయి. డార్బీ బోధ ప్రకారం 69 వారాలు గడిచిపోయాయి, 70వది ఇంకా రాలేదు, నడుమ ఉన్నది సంఘకాలం. ఆ చివరి వారానికి ముందే సంఘం ఎత్తబడుతుంది. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు ఈ బోధను వ్యాఖ్యలుగా వాక్యం పక్కనే అచ్చువేసింది. దాంతో చాలామందికి వాక్యమేదో వ్యాఖ్య ఏదో విడదీసి చూడటం కష్టమైంది. నా దృష్టిలో ఈ బోధ ఇంతగా పాకడానికి పెద్ద కారణం అదే.

బ్రదరన్ సహవాసం తెలుగునేలకు త్వరగానే వచ్చింది. బ్రదరన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సేవ చేశారు.

క్రీస్తు తిరిగి వస్తాడన్న నిరీక్షణ మొదటి శతాబ్దం నుంచీ సంఘానిదే. రెండు విడతల రాకడ లెక్క మాత్రం ఈ రూపంలో స్థిరపడి రెండు వందల ఏళ్లు కావస్తోందంతే. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి 24వ అధ్యాయంలో యేసే చెప్పాడు. అయినా అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మి ఎదురుచూశారు. తెల్లవారాక ఆ విశ్వాసులు పడిన వేదన తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఈసారి ఎవరైనా థెస్సలొనీకయుల పత్రిక నాలుగో అధ్యాయంలోని 16, 17 వచనాలు చదివి మిమ్మల్ని భయపెడితే, 13వ వచనం నుంచి మొదలుపెట్టి 18 దాకా చదవండి. ఒకరినొకరు ఓదార్చుకోమని చెప్పి పౌలు ఆ మాట ముగించాడు.