వార్ధక్యమున మతిభ్రమ



ముసలివారు అర్ధరాత్రమున లేచి తలుపులు తీయుట, కోడలు నగలు దాచినదని కేకలు వేయుట, ఎన్నడో గతించిన తోబుట్టువులు గుమ్మమున నిలిచిరని చెప్పుట మన పల్లెలలో క్రొత్త సంగతులు కావు. వయసు మీరి మతి తప్పినదని కొందరు, గాలి సోకినదని కొందరు అందురు. ఏ మాట అన్నను విచారణ అంతటితో నిలిచిపోవును. దానిని అచ్చట నిలువనీయక సాగించిన వారి చరిత్రను నేడు మనవి చేసెదను.

1901వ సంవత్సరము నవంబరు 25వ తేదీన జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరపు మానసిక వైద్యశాలలో ఆగస్టె డేటర్ అను స్త్రీని చేర్చిరి. ఆమె వయసు 51 ఏండ్లు. భర్త రైల్వే గుమాస్తా. మొదట ఆమెకు భర్తపై అకారణమైన అనుమానము పుట్టెను. పిమ్మట వంట చెడెను. వస్తువులను దాచి మరచుట మొదలయ్యెను. తన్నెవరో చంపవత్తురని అరచుచుండెను. మరునాడు అలోయిస్ ఆల్జ్‌హైమర్ అను వైద్యుడు ఆమె చెంత కూర్చుండి, ప్రశ్నను ప్రత్యుత్తరమును గూడ వ్రాసికొనెను. మధ్యాహ్నము ఆమె కాలీఫ్లవరును పందిమాంసమును భుజించుచుండగా, ఏమి తినుచున్నావని అడిగెను. పాలకూర అని ఆమె చెప్పెను. పేరు వ్రాయుమనిన, 'శ్రీమతి' అను మాట వ్రాసి తక్కినది మరచెను. నేను ముప్పది యేండ్లకు మించి బాలురకు పాఠము చెప్పినవాడను. తప్పు ప్రత్యుత్తరమును దిద్దక ఉన్నదున్నట్లు వ్రాసికొనుటకు ఎంత ఓర్పు కావలయునో నాకు తెలియును.

ఆ వైద్యశాలాధిపతి ఎమిల్ సియోలీ. రోగులను బంధించుట ఆయన మతము కాదు. కలవరపడువారిని గోరువెచ్చని నీటితొట్టిలో చాలసేపు ఉంచుట, పడకపై విశ్రమింపజేయుట, నిద్రకు మందిచ్చుట, ఇంతియే వారి చికిత్స. అది వ్యాధిని కుదుర్చలేదు. 1906 ఏప్రిల్ 8న ఆమె మరణించెను. అప్పటికి మ్యూనిక్ నగరమున ఉన్న ఆల్జ్‌హైమర్ ఆమె మెదడును తెప్పించి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. కణములలో చిక్కుపడిన పోగులును, కణముల నడుమ పేరుకొన్న మచ్చలును కనబడెను. ఆ యేటి నవంబరు 3న ట్యూబింగెన్ సభలో ఈ సంగతి విన్నవించగా, సభ్యులలో ఎవరును ఒక్క ప్రశ్నయైన వేయలేదు! 1910లో క్రెపెలిన్ పండితుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జ్‌హైమర్ పేరు పెట్టెను.

ఇచ్చట ఒక విపరీతము కలదు. రోగిణి వయసు 51 గనుక ఇది వ్యాధి అనిరి. అవే లక్షణములు 75 ఏండ్లవారికి కలిగినచో ముదిమి అని పెక్కేండ్లు ఊరకుండిరి. ఆ ఉపేక్షను కదల్చినవాడు మార్టిన్ రాత్. ఇంగ్లండులోని గ్రేలింగ్‌వెల్ వైద్యశాలలో చేరిన 60 ఏండ్లు దాటిన రోగులు పిమ్మట ఏమైరో విచారించి 1955లో ప్రకటించెను. పైకి ఒకే తీరుగ తోచిన మతిభ్రమలో పెక్కు వ్యాధులు దాగియుండెను. తీరని విషాదముతో చేరినవారిలో పెక్కురు కోలుకొని ఇల్లు చేరిరి. కొందరికి జ్ఞాపకము చెడకయే, ఎవరో కుట్ర పన్నుచున్నారను భ్రమ కలిగియుండెను. జ్ఞాపకము మెల్లమెల్లగా నశించినవారు చాలమంది అచ్చటనే కన్ను మూసిరి. దేహవ్యాధి వలన దినముల వ్యవధిలో కలవరము పుట్టినవారు వేరొక తెగ. మన పెద్దలు జ్వరములో 'సంధి పుట్టినది' అనునది ఈ స్థితియే.

మందుల కథ మరియొకటి. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైను అను మందుతో ఉన్మత్తులను శాంతింపజేసిరి. (మన సర్పగంధ వేరు ఉన్మాదమునకు పనిచేయునని గణనాథసేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే ప్రకటించిరి, అది వేరొక ప్రసంగమునకు తగిన కథ.) ఈ కోవ మందులు వృద్ధులకును విరివిగా ఈయబడెను. ఇల్లు నెమ్మదించినది, నిజమే. కాని 2005 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 17 పరీక్షలను కలిపి చూచి హెచ్చరించెను. మతి క్షీణించిన వృద్ధులలో, సుమారు పది వారములలో, మందులేని ఉత్తమాత్ర మ్రింగినవారు నూటికి 2.6 మంది, ఈ కోవకు చెందిన క్రొత్త మందులు మ్రింగినవారు నూటికి 4.5 మంది మరణించిరి. 2008లో పాత మందులకును ఈ హెచ్చరికను చేర్చిరి. అందుచేత నేటి వైద్యులు ముందుగా నొప్పి, మూత్రబంధము, మలబద్ధకము, జ్వరము, చెవి కన్నుల లోపము, క్రొత్తగా వేసికొను మాత్రలు, వీనిని విచారింతురు. అపాయము తప్పనిచోట మాత్రమే కొద్దిమోతాదున, కొద్దికాలము ఆ మందు నిత్తురు.

మా మేనత్తగారికి 75వ యేటినుండి మతిమరపు క్రమముగా పెరుగుచుండెను. మూడేండ్లకు ఒక వేసవిలో రెండు దినములలోనే ఆమె మారిపోయెను. పగలు మగతగా పడియుండి, రాత్రి గోడపై పాములు ప్రాకుచున్నవని పరుగెత్తెను. పాతజబ్బే ముదిరినదని మంచమునకు కట్టితిమి, కట్టినవారిలో నేనొకడను. నాల్గవనాడు వచ్చిన వైద్యుడు మొదట అడిగినది, ఇది ఎప్పటినుండి అని. పిమ్మట మూత్రమును పరీక్షింపించెను. మూత్రమార్గమున సోకిన వ్యాధికి మందిచ్చి, నీరు బాగుగా త్రాగించగా వారములో పాములు పోయినవి. మణికట్లపై త్రాటి మచ్చలు మాత్రము చాలదినము లుండెను. మతిమరపును మిగిలినది. తన ఇత్తడి చెంబును కోడలు కాజేసినదని మునుపటివలెనే అనుచుండెను. కోడలు మాత్రము వాదించుట మానినది. "రండి అత్తయ్యగారూ, వెదకుదము" అని చేయి పట్టుకొని తీసికొనిపోయెడిది. చెంబు తరచు బియ్యపు బానలో దొరకెడిది.