విద్వత్సభలు - వాదమర్యాదలు

ఈనాడు విద్వద్గోష్ఠులు జరుపు సంస్థలు ఆహ్వానపత్రముతోపాటు ప్రవర్తనా నియమావళిని గూడ పంపుట పరిపాటి యైనది. ప్రశ్నించువాడు వక్తను కించపరుపరాదనియు, పరుల పరిశోధనను తనదిగా చెప్పుకొనరాదనియు అందుండును. ఇది నూతనాచారమని కొందరి తలంపు. కాని సభలో పండితు డెట్లు మాటాడవలెనను విచారణ మన శాస్త్రములలో మిక్కిలి ప్రాచీనమైనది. ఆ శాస్త్రములే సభలో కపటమున గెలుచుటకును మార్గములు చెప్పినవి. ఈ రెండింటికి పొత్తెట్లు కుదిరినది, దాని నెవ రెదిరించిరి అనునదే ఇచట విచార్యము.

చరకసంహితయందలి విమానస్థానము ఎనిమిదవ అధ్యాయము దీనికి ముఖ్యాధారము. ఒకే విద్య నభ్యసించినవారి పరస్పర చర్చకు తద్విద్యసంభాష యని పేరు. అది సంధాయసంభాష, విగృహ్యసంభాష యని రెండు విధములు. మొదటిది మైత్రితో జరుపునది. జ్ఞానమును ప్రతివచనశక్తియు గలిగి, కోపము, అసూయ లేనివానితో దీనిని చేయవలెను. అట్టివానిని నిశ్శంకముగా నడుగవచ్చును. అతడడిగిన నిశ్శంకముగా చెప్పవచ్చును. ఓడుదుమేమో యను భయము కూడదు, గెలిచి పొంగరాదు, ఆ గెలుపును పదిమందిలో చాటుకొనరాదు.

రెండవదాని రీతి వేరు. ప్రతివాది బలమును, తన బలమును, సభాస్వభావమును ముందుగా తూచుకొనవలెను. శాస్త్రపాఠము రానివానిని దీర్ఘ సూత్రపాఠముతోను, వాక్యధారణ లేనివానిని చిక్కుపడిన పొడవైన వాక్యములతోను అణచవలెను. వాక్శక్తి తక్కువైనవానిని మాట సగములో నుండగనే ఆక్షేపింపవలెను. సభాపరిచయము లేనివానిని సిగ్గుపరుపవలెను; పిరికివానిని బెదరింపవలెను. ఇంతకంటె వింతయైనది మరియొకటి కలదు. వాది సభ్యులతో ముందే పొత్తు కుదుర్చుకొని, తనకు అనుకూలమును ఎదుటివానికి దుర్గమమునైన విషయమును వారిచేతనే ప్రతిపాదింపజేయవలెనట. సభ కూడిన పిమ్మట, వాదమును దాని హద్దులను సభయే నిర్ణయించునని చెప్పి, తాను మిన్నకుండవలెనట! ఒకే అధ్యాయములో ఈ రెండును ఉండుటకు వైద్యుని జీవనమే కారణమని నా యూహ. సభలో ఓడిన వైద్యుని పిలుచువా డెవడు?

న్యాయసూత్రములు ఈ విభాగమును మరింత నిష్కృష్టము చేసినవి. తత్త్వనిర్ణయమునకై సాగునది వాదము; ఛల, జాతి, నిగ్రహస్థానములతో గెలుపు కోరి సాగునది జల్పము; స్వపక్షస్థాపన లేక పరపక్షమును ఖండించుటయే వితండ. జల్ప వితండలకు శాస్త్రమున చోటిచ్చుటకు సూత్రకారుడు చూపిన హేతువు ప్రసిద్ధము: మొలకను కాపాడుటకు ముండ్లకంచె యెట్లో, తత్త్వమును కాపాడుట కవి యట్లు.

ఈ కంచెను నిర్మొగమాటముగా ఖండించినవాడు బౌద్ధాచార్యుడగు ధర్మకీర్తి (సుమారు క్రీ.శ. 7వ శతాబ్ది). తత్త్వరక్షణకు ఛలాదులు తగునన్నచో గోళ్లతో రక్కుట, చెంపదెబ్బలు, ఆయుధప్రహారములు, నిప్పు పెట్టుట గూడ తగునని చెప్పవలసివచ్చునని వాదన్యాయమున నతడు వాదించెను. గౌతముని ఇరువదిరెండు నిగ్రహస్థానములను కాదని, వాది ప్రతివాదుల కొక్కొక్కటిగా రెండింటిని మాత్రమే నిలిపెను. సాధనమునకు అంగము కానిదానిని పలుకుట వాది తప్పు. లేని దోషము నెత్తి చూపుట, ఉన్నదానిని చూపలేకపోవుట ప్రతివాది తప్పు. సభామర్యాదలలో ఇంత సూటియైన నియమము నేను మరియొకటి యెరుగను.

అయినను గౌతముని పట్టికను తేలికగా చూడరాదు. పని యున్నదని వంక చెప్పి చర్చ నడుమ తప్పించుకొనుట విక్షేపమను నిగ్రహస్థానము. నేటి సభలలో నిది అరుదు కాదు! ఎదుటివాని తప్పు కానవచ్చుచుండగా ఊరకుండుటయు తప్పే. దీనిని చూపవలసినది సభయే యని భాష్యకారుడగు వాత్స్యాయనుడు చెప్పెను. ఏలయన తప్పు చేసినవాడు తన కౌపీనమును తానే విప్పి చూపడు గదా.

సభ నిర్భయముగా నున్ననే ఈ నియమములు నిలుచును. మిళిందపన్హలో యవనరాజగు మిళిందుడు సంభాషణమునకు పిలువగా, పండితవాదమైనచో వచ్చెదను, రాజవాదమైనచో రానని నాగసేనుడనును. పండితులు చిక్కుపడుదురు, విడివడుదురు, తప్పొప్పుకొందురు, కోపింపరు; రాజు తన మాట కాదన్నవానిని దండించును. చర్చకు ముందే యజమానిచే ఈ షరతు నొప్పించుకొనుట గమనింపదగినది.

తెలుగువారికి సుపరిచితమైన రాజసభావాదము 15వ శతాబ్దమున విద్యానగరమున ప్రౌఢదేవరాయల (క్రీ.శ. 1424-46) కాలమున జరిగినది. శ్రీనాథుడు గౌడడిండిమభట్టును ఓడించి అతని కంచుఢక్కను పగులగొట్టించెననియు, ముత్యాలశాలలో కనకాభిషేకము పొందెననియు చాటుపద్యము వలన తెలియుచున్నది. వాదవిషయ మేమో, డిండిముని ప్రతిజ్ఞ యేమో, ఏ నిగ్రహస్థానమున అతడు చిక్కెనో ఆ పద్యము చెప్పదు. అది చెప్పునది పగిలిన ఢక్కను గూర్చి, కురిసిన టంకములను గూర్చి మాత్రమే.