ట్రిగ్గర్ ఎందుకు మార్చాల్సి వచ్చింది?



పోయిన ఆదివారం మా రూములో ఐదుగురం ఒకే ఫోన్ చుట్టూ చేరి గేమ్ ఆడుతున్నాం. అందులో రివాల్వర్ ఎంచుకోవాలి. ఒకటి ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగి పేల్చేది, ఇంకోటి ట్రిగ్గర్ నొక్కుతూ పోతే పేలేది. ఏది మంచిదని అరగంట కొట్లాడుకున్నాం. పక్క మంచం మీద చదువుకుంటున్న సీనియర్ అన్న తల ఎత్తి, "సరే గానీ, అవతల ఎవరున్నార్రా?" అన్నాడు. చూస్తే అవతల ఉన్నది తలకి ఈకలు కట్టుకుని, విల్లు పట్టుకుని గుర్రాల మీద వచ్చేవాళ్లు. మనలాంటి వాళ్లే. అంతసేపూ మాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని వారం రోజులు చదివాం. తెలిసింది రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు ట్రిగ్గర్ సంగతి. మన తాతల విల్లు గుర్తు చేసుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఎక్కుపెట్టడం ఒక పని, వదలడం ఇంకో పని. సింగిల్ యాక్షన్ రివాల్వర్ కూడా అంతే. బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగడం ఎక్కుపెట్టడం, ట్రిగ్గర్ నొక్కడం వదలడం. నొక్కడానికి కొంచెం బలం చాలు, అందుకే గురి చెదరదు. కానీ ప్రతి గుండుకీ రెండు పనులు చెయ్యాలి. డబుల్ యాక్షన్‌లో ఆ రెండు పనులూ ట్రిగ్గరే చేస్తుంది. వేగం వస్తుంది. కానీ వేలితో దూరం, బలంగా లాగాలి కాబట్టి చెయ్యి కదిలి గురి తప్పొచ్చు.

ఇక చరిత్ర. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో రివాల్వర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ప్యాటర్సన్ అనే ఊళ్లో తయారైన ఆ రివాల్వర్ ట్రిగ్గర్ విచిత్రంగా ఉండేది. మామూలప్పుడు లోపలికి మడుచుకుని ఉంటుంది, హ్యామర్ వెనక్కి లాగితేనే కిందికి దిగుతుంది. దానికి గార్డ్ కూడా లేదు. పెద్దగా అమ్ముడుపోక 1842లో ఆ కంపెనీ మూతపడింది.

దాన్ని బతికించింది టెక్సాస్ యుద్ధాలు. అక్కడి మైదానాల్లో కొమాంచీ ఆదివాసీలు ఉండేవాళ్లు. గుర్రం పరుగెడుతుండగానే వరసగా బాణాలు వెయ్యగలిగేవాళ్లు. అప్పటి తుపాకీ ఒకసారి పేలితే మళ్లీ మందు కూరాలి. కూరేలోపు కొమాంచీలు మీదికి వచ్చేసేవాళ్లు. అంటే ఆ మైదానంలో వెనకబడిన ఆయుధం తుపాకీయే, విల్లు కాదు.

1844 జూన్‌లో వాకర్స్ క్రీక్ దగ్గర జాక్ హేస్ నాయకత్వంలో పదిహేను మంది దాకా టెక్సాస్ రేంజర్లు ప్యాటర్సన్ రివాల్వర్లతో, తమకంటే ఎన్నో రెట్లున్న కొమాంచీలను ఓడించారు. ఆ పోరులో శామ్యూల్ వాకర్ అనే రేంజర్‌కి బల్లెం పోటు తగిలింది, అయినా బతికాడు. 1846 చివర్లో ఆయనే కోల్ట్‌కి ఉత్తరం రాశాడు. ఇద్దరూ కలిసి ఆ రివాల్వర్‌ని మార్చారు. ఐదు గుళ్లు ఆరయ్యాయి. మడత ట్రిగ్గర్ పోయి, గార్డ్ లోపల ఎప్పుడూ బయటికే ఉండే ట్రిగ్గర్ వచ్చింది. బరువు రెండు కిలోలు. 1847లో అమెరికా ప్రభుత్వం అలాంటివి వెయ్యి కొన్నది.

మమ్మల్ని బాగా కదిలించిన విషయం ఒకటుంది. ఆ కొత్త రివాల్వర్ సిలిండర్ మీద బొమ్మ చెక్కారు. ఏం బొమ్మ? రేంజర్లు కొమాంచీలను తరుముతున్న బొమ్మ. ఎవరిని చంపడానికి చేశారో వాళ్ల ఓటమినే దానికి అలంకారం చేశారు.

కోల్ట్ 1851లో లండన్ మహా ప్రదర్శనకి తన తుపాకులు తీసుకెళ్లాడు. అక్కడ రాబర్ట్ ఆడమ్స్ పోటీకి వచ్చాడు. ఆడమ్స్ రివాల్వర్‌లో బొటనవేలికి పనే లేదు, అంతా ట్రిగ్గరే. గురి పోతుందని కోల్ట్ పక్షం, దగ్గరి పోరులో వేగమే ప్రాణం కాపాడుతుందని ఆడమ్స్ పక్షం. 1854లో ఇంకర్మన్ యుద్ధంలో రష్యన్ సైనికుల మధ్య చిక్కుకున్న ఒక బ్రిటిష్ అధికారి, ప్రతిసారీ హ్యామర్ లాగాల్సి వచ్చుంటే తాను చచ్చేవాణ్ణని ఆడమ్స్‌కి రాశాడు. 1856లో బ్యూమాంట్ అనే సైనికాధికారి రెండు పద్ధతులూ ఒకే రివాల్వర్‌లో కలిపాడు. కావాలంటే బొటనవేలు, తొందరైతే ట్రిగ్గర్. బ్రిటిష్ సైన్యం దాన్నే తీసుకుంది. మరుసటి ఏడాదే 1857. ఆ రివాల్వర్లు మన దేశంలో పేలాయి. 1887 నుంచి సైన్యం వాడిన వెబ్లీ కూడా రెండు రకాలుగా పేలేదే.

మరి మనవైపు? 1855లో సిదో, కాన్హోల వెంట సంతాల్ జనం విల్లంబులతో లేచారు. 1878 ఆయుధాల చట్టం భారతీయులకి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. అంటే ఏ ట్రిగ్గర్ మంచిదని ఎంచుకునే అవకాశం వాళ్లది. మన పెద్దలకి తుపాకీ కావాలంటే దారి ఒక్కటే, తెల్లవాళ్ల దగ్గర నుంచి తీసుకోవడం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, మన్యం జనం చేసింది అదే. వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు.

ఒకసారి క్లాసులో ఎవరో "బాణాలతో తుపాకుల మీదికి వెళ్లారు, పాపం అమాయకులు" అంటే అందరూ నవ్వారు. ఏం చెప్పాలో తెలియక మేము కూడా నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడైతే జవాబు చెప్పగలం. విల్లు చేతకాని ఆయుధమే అయితే, దాన్ని దాటడానికి అంత బుర్ర, అంత డబ్బు ఎందుకు పెట్టాల్సి వచ్చింది? కొమాంచీలు దేవుళ్లేం కాదు, వాళ్లూ ఊళ్ల మీద దాడులు చేశారు. కానీ వాళ్ల నైపుణ్యానికి సమాధానం వెతుకుతూనే ఆ ట్రిగ్గర్ మారింది. పేటెంట్ మీద కోల్ట్ పేరుంది, తుపాకీకి వాకర్ పేరుంది. దాన్ని మార్చక తప్పని పరిస్థితి తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మీ ఊళ్లో విల్లు చెయ్యడం తెలిసిన తాతలు ఇంకా ఉంటే, ఈ సెలవుల్లో వెళ్లి కూర్చోండి. ఏ కర్ర, ఏ నార, ఎలా ఎక్కుపెడతారు, అన్నీ అడిగి తాత పేరుతో సహా రాసుకోండి. మేమూ ఆ పనే పెట్టుకున్నాం. మన సంగతి మనం రాయకపోతే, మనల్ని తరుముతున్న బొమ్మే మిగులుతుంది.

జై ఆదివాసీ.