బేగంపేట దుర్భిణికి ఊరు అడ్డొచ్చింది

హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియంలో 1985 నుంచీ చుక్కలు పొడుస్తూనే ఉన్నాయి. దానికి మబ్బుతో పని లేదు. అసలు ఆకాశాన్ని చూసేవారికే ఈ నగరంలో గాలితో, దీపాలతో పేచీ.

1901లో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ కంపెనీ దుర్భిణి తెప్పించి ఫిసల్‌బండలో సొంత వేధశాల పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. తర్వాత అదే నిజామియా వేధశాలగా అమీర్‌పేట పక్కనే, బేగంపేటలో స్థిరపడింది.

అంతర్జాతీయ నక్షత్ర పటం పని 1887లో ప్యారిస్‌లో మొదలైంది. అందులో చిలీలోని శాంటియాగో చేయాల్సిన భాగం, అంటే ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, నిజామియా వంతుకు వచ్చింది. 1914 నుంచి పోకాక్, 1918 తర్వాత భాస్కరన్ వేధశాల డైరెక్టర్లుగా, నక్షత్రాల ఫోటోలు తీసే 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద లక్షల చుక్కల్ని పట్టారు. ఆ పట్టీ హైదరాబాదులో ఎంత ఎక్కినా దక్షిణాన 50–55 డిగ్రీల ఎత్తే. నడినెత్తి చుక్క వెలుతురు కంటే దాని వెలుతురు దాదాపు నాలుగో వంతు ఎక్కువ గాలిని దాటి రావాలి. పైగా నిమిషాల తరబడి తెరిచి ఉంచే పలక మీద ఆకాశపు తెల్లదనం కూడా పేరుకుంటుంది. అయినా పలకలు పనికొచ్చాయంటే, అప్పటి బేగంపేట రాత్రి ఎంత నల్లగా ఉండేదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత ఊరు పెరిగి మీదికొచ్చింది. వేధశాల తర్వాతి డైరెక్టర్ అక్బర్ అలీ పూనికతో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దుర్భిణిని నగరానికి 50 కిలోమీటర్ల అవతల, రంగాపూర్‌లో నిలిపింది. 1968లో అది పని మొదలుపెట్టింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి శాస్త్రజ్ఞులు అక్కడికే చేరారు. గ్రహణం వానాకాలంలో పడకపోవడం వాళ్ల అదృష్టం. బేగంపేట వేధశాల ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ సెస్ ఉంది.

అమీర్‌పేట, పంజాగుట్ట డాబాల మీద చిన్న దుర్భిణి పెట్టుకునేవారివీ ఆ కష్టాలే. ఎండకు కాగిన స్లాబు పొద్దుపోయాక కూడా సెగ వదులుతుంటే శని వలయాలు అలుక్కుపోతాయి. పక్కింటి ఏసీ మీదుగా చూస్తే ఇక చెప్పనక్కర్లేదు. స్లాబు చల్లారాక, గ్రహం పైకి ఎక్కాక చూడటం మేలు. వాన వెలిసిన రాత్రి దుమ్ము కడుక్కుపోయి ఆకాశం తేటపడుతుంది, గాలి మాత్రం కుదురుగా ఉండకపోవచ్చు. చలికాలంలో ఒక్కోసారి ఇది తిరగబడుతుంది: పొగ కిందే నిలిచి చుక్కలు వెలవెలబోయినా, గాలి కదలక చంద్రుడి గుంటల అంచులు గీసినట్టు కనిపిస్తాయి. ఓరియన్ లాంటి ఒకటి రెండు తప్పితే నిహారికలకు మాత్రం ఈ ఊళ్లో ఏ కాలమూ కలిసిరాదు. వీధిదీపాల వెలుగు దుమ్ములో చెదిరి వాటిని మింగేస్తుంది. గురుడికి, శనికి, ప్రకాశవంతమైన జంట నక్షత్రాలకు ఆ బాధ చాలా తక్కువ.