ఉద్యోగం ముందే మానేస్తే ఆసుపత్రి ఖర్చు ఎలా? తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకు ఉన్న దారులు

యాభై రెండేళ్లకో, యాభై ఐదేళ్లకో పని మానేసేవాళ్లు మన తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు తక్కువేం కాదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లు, మోకాళ్లు సహకరించక బస్తాలు మోయడం మానేసిన హమాలీలు. జీతం ఆగితే కంపెనీ ఇచ్చిన హెల్త్ కార్డు కూడా ఆగిపోతుంది. కేంద్రం ఇచ్చే వయ వందన కార్డు రావాలంటే డెబ్బై నిండాలి. మధ్యలో పదిహేను, ఇరవై ఏళ్లు. షుగరు, బీపీ, గుండె జబ్బు పలకరించేది సరిగ్గా ఆ ఏళ్లలోనే.

ముందుగా చూసుకోవాల్సింది ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, జనం మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. 2023 డిసెంబరులో పరిమితిని కుటుంబానికి ఏడాదికి 25 లక్షలకు పెంచారు. ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉండాలన్నది ప్రధాన షరతు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు "మీకు రాదు" అన్నారు కాబట్టి ఇక ఎప్పటికీ రాదనుకుంటారు. జీతం పోయాక ఆదాయం తగ్గుతుంది కదా! వార్డు లేదా గ్రామ సచివాలయంలో మళ్లీ అడగండి. సందేహాలకు 104కి ఫోన్ చేయొచ్చు. ఆసుపత్రికి వెళ్తే ముందు వైద్యమిత్ర డెస్కు దగ్గరికి వెళ్లండి, బిల్లు కట్టేశాక కాదు. ఒక్క మాట: బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024లోనూ, 2025లోనూ సేవలు ఆపేశాయి. అలాంటప్పుడు తెనాలి జిల్లా ఆసుపత్రి, గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులే దిక్కు.

ఇక ఎవరూ పెద్దగా చెప్పని దారి ఈఎస్ఐ. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి రిటైరైనవాళ్లు, వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లు, ముందస్తుగా రిటైరైనవాళ్లు నెలకు 10 రూపాయల లెక్కన ఏడాదికి 120 ఒకేసారి కట్టి, తమకూ భార్య లేదా భర్తకూ వైద్యం కొనసాగించుకోవచ్చు. నూట ఇరవై! మా ఆఫీసులో టీ బిల్లు అంతకంటే ఎక్కువ. అయితే కాగితాలు ఉండాలి. ఉద్యోగం మానేసే రోజే యజమాని దగ్గర సర్వీసు, రిటైర్మెంటు వివరాలు రాయించుకోండి. మిల్లు మూతపడ్డాక సంతకం కోసం తిరిగితే దొరకదు.

ప్రభుత్వ పెన్షనర్లకు ఈహెచ్ఎస్ ఉంది. ఆర్టీసీ 2020 జనవరిలో ప్రభుత్వంలో విలీనమయ్యాక సిబ్బందిని కూడా అందులోకి తెచ్చారు. బ్యాంకు రిటైరీలకు గ్రూప్ పాలసీ ఉంటుంది గానీ ప్రీమియం తమ జేబులోంచే కట్టాలి.

ఇవేవీ లేనివాళ్లకు మిగిలేది ప్రైవేటు పాలసీ. దీనికి టైమింగే ప్రాణం. పాలసీ తీసుకునేటప్పటికే ఉన్న జబ్బులకు కంపెనీలు గరిష్ఠంగా మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు (2024 ఏప్రిల్‌కు ముందు నాలుగేళ్లు ఉండేది). అంటే 55కి మానేద్దామనుకుంటే 52కే సొంత పాలసీ మొదలుపెట్టాలి. కంపెనీ గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు మానేసేముందే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారతామని అడగండి. అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. షుగరు ఉందని దాచొద్దు. ఏజెంటు "రాయకపోయినా పర్లేదు" అంటే ఆ ఏజెంటును మార్చండి, క్లెయిమ్ రోజున ఆయన మీ పక్కన ఉండడు.

రూమ్ అద్దె పరిమితి కూడా చదవాలి. పాలసీలో రోజుకు 4,000 అని ఉండగా 8,000 రూమ్ తీసుకుంటే అద్దెలో సగమే పోతుందనుకుంటారు. చాలా పాలసీల్లో డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. అన్ని కంపెనీలూ అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో ప్రతి క్లెయిమ్‌కూ 5 శాతం మనమే పెట్టుకోవాలి: 2 లక్షల క్లెయిమ్ అయితే 10,000. ఊరట ఏమిటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై జీఎస్టీ లేదు. అరవై దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి.

బ్యాంకు ఖాతాలోంచి ఏటా 20 రూపాయలు, 436 రూపాయలు కట్ అవుతున్నాయి కాబట్టి తమకు ఇన్సూరెన్స్ ఉందనుకునేవాళ్లు చాలామంది. మొదటిది ప్రమాద బీమా, రెండోది జీవిత బీమా. ఆసుపత్రి బిల్లుకు రెండూ పనికిరావు.

డెబ్బై నిండినవాళ్లకు 2024 అక్టోబరు 29 నుంచి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల కవరేజీ ఉంది. ఆధార్‌లో వయసే ఆధారం, పుట్టిన తేదీ తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి. ఆదాయంతో సంబంధం లేకుండా రాష్ట్రంలో అందరికీ 2.5 లక్షల బీమా ఇచ్చే విధానాన్ని కూడా 2025 సెప్టెంబరులో కేబినెట్ ఆమోదించింది. దాన్ని నమ్ముకుని ఉన్న పాలసీని మాత్రం వదిలేయకండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ నంబరు 155255.