షుగర్ ఉన్నవారి పాదాలు: నొప్పి లేదంటే బాగున్నట్టు కాదు

మెడికల్ పెడిక్యూర్ అంటే బ్యూటీ పార్లర్‌లో చేసే పని కాదు. గోళ్లు, ఆనికాయలు, మడమ పగుళ్లు పుండ్లుగా మారకముందే శిక్షణ పొందినవారు స్టెరిలైజ్ చేసిన పరికరాలతో చేసే పాద సంరక్షణ ఇది. జర్మనీలో ఈ వృత్తికి 2002 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. మన దగ్గర ఇది ఎక్కువగా పెద్ద ఊళ్లలోని డయాబెటిక్ ఫుట్ క్లినిక్‌లలోనే దొరుకుతుంది. అందుకే నూజివీడు చుట్టుపక్కల కుటుంబాలకు ఇంట్లో ఏం చేసుకోవచ్చో, ఏది డాక్టర్‌కే వదిలేయాలో తెలిసుండాలి.

ఎవరికి అవసరం?

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. చాలామందికి ముందు తిమ్మిర్లు, మంటలు వస్తాయి, తర్వాత స్పర్శ పోతుంది. కొందరికి ఏ బాధా లేకుండానే పోతుంది. రక్తప్రసరణ కూడా తగ్గితే చిన్న గాయం కూడా త్వరగా మానదు.

స్పర్శ పోతే ఏమవుతుందో వేలూరు సీఎంసీలో 1946 నుంచి పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల్లో గమనించారు. నొప్పి తెలియక తగిలే దెబ్బలే వారి పాదాల్లో చాలా పుండ్లకు కారణమని చెప్పారు. కుష్ఠు రోగుల కోసం వాడిన మెత్తటి ఎంసీఆర్ చెప్పులనే ఇప్పుడు షుగర్ ఉన్నవారికీ డాక్టర్లు రాస్తున్నారు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి సీజన్. తోటలో ముల్లు గుచ్చుకోవచ్చు, షెడ్డులో పెట్టె మేకు దిగొచ్చు. స్పర్శ లేనివారికి చెప్పులో రక్తం కనిపించేదాకా తెలియదు. జుహర్ వేళ మసీదు ముంగిట కాలే బండల మీద వట్టి కాళ్లతో నడిచినా అంతే, బొబ్బ లేచాకే తెలుస్తుంది.

ఇంట్లో చేసే పరీక్ష

అబ్బానో అమ్మీనో పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ వేలితో ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కొద్దు. ఆరింట్లో రెండు, అంతకంటే ఎక్కువ చోట్ల తెలియకపోతే డాక్టర్‌కు చూపించాలి. ఆసుపత్రిలో 10 గ్రాముల నైలాన్ పోగుతో ఇదే పరీక్ష ఇంకా కచ్చితంగా చేస్తారు.

వుజూ తర్వాత

వుజూలో కాళ్లు కడగడం వల్ల పాదాలను రోజుకు ఐదుసార్లు చూసుకునే అవకాశం వస్తుంది. కడిగాక వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పొడిగా తుడవాలి. తడి నిలిస్తే ఫంగస్ వస్తుంది. కొబ్బరి నూనె, వ్యాసలిన్ మడమలకే రాయాలి, వేళ్ల సందుల్లో వద్దు. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి. చలికాలంలో వేడినీళ్లు వాడితే స్పర్శ ఉన్నవారే ముందు చెయ్యి పెట్టి చూడాలి. గాయానికి కట్టు ఉంటే తడపకుండా దాని మీద మసహ్ చేసే వెసులుబాటు ఉంది. వివరాలు ఇమాం సాబ్‌ను అడగండి.

చేయకూడనివి

ఆనికాయను బ్లేడుతో కోయకూడదు. కార్న్ క్యాప్ అంటించకూడదు, అందులోని ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. వేడి ఉప్పునీళ్లలో కాళ్లు నానబెట్టొద్దు. గోళ్లను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా కత్తిరించాలి. పార్లర్‌లో పెడిక్యూర్ చేయించుకోవాలంటే ముందు డాక్టర్‌ను అడగాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, తొడిగేముందు లోపల రాయి, ముల్లు ఉందేమో దులిపి చూడాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, వేలు నల్లబడటం, పుండుతో పాటు జ్వరం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేకపోయినా ఒక పాదం రెండోదానికంటే వేడిగా, ఉబ్బి ఉంటే లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండొచ్చు. ఆ కాలి మీద బరువు వేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

షుగర్ మందుల కోసం వెళ్లినప్పుడు చెప్పులు విప్పి పాదాలు కూడా చూడమని అడగండి. ఏ బాధా లేకపోయినా ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి.