నాయకత్వానికి కొండదారి

మన పాఠశాలల్లో తరగతి నాయకుడంటే, ఉపాధ్యాయుడు లేనప్పుడు మాట్లాడినవారి పేర్లు నల్లబల్లమీద వ్రాసిపెట్టే బాలుడన్న భావం చిరకాలంగా ఉన్నది. పైవారి ఆజ్ఞను తోటివారిచేత పాటింపజేయడమేనా నాయకత్వం? ఈ ప్రశ్నకు వేరొక సమాధానం వెదకిన ఒక ఉపాధ్యాయుని చరిత్రను, ఆయన భావాల నుండి పుట్టిన ఒక పురస్కార పథకాన్ని ఇచ్చట స్మరింపదలచినాము.

కుర్ట్ హాన్ 1886లో బెర్లిన్ నగరాన ఒక యూదు కుటుంబంలో జన్మించినారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట, 1920లో బాడెన్ రాకుమారుడు మాక్స్‌తో కలసి దక్షిణ జర్మనీలో సాలెం పాఠశాలను నెలకొల్పినారు. 1932లో పొటెంపా గ్రామంలో నాజీ దండుకు చెందినవారు ఒక కార్మికుని అతని తల్లి కన్నులయెదుటనే చంపినారు. న్యాయస్థానం ఐదుగురికి మరణదండన విధించగా, హిట్లర్ బహిరంగంగా ఆ హంతకుల పక్షం వహించినాడు. అప్పుడు హాన్ తన పూర్వవిద్యార్థులకు లేఖ వ్రాసి, నాజీ దళాలలో ఉన్నవారు హిట్లర్‌నో, సాలెంనో ఏదో ఒకదానిని విడువవలెనని కోరినారు. ఫలితంగా 1933 మార్చిలో కారాగారం పాలైనారు. బ్రిటన్‌లోని మిత్రుల ప్రయత్నంవల్ల విడుదలై, ఆ సంవత్సరమే ఆ దేశం చేరుకున్నారు.

నాయకుని మాటకు యువజనులు బారులు తీరి నడచిన దేశం నుండి వచ్చిన మనిషి ఆయన. అందుచేత ఆయన దృష్టిలో నాయకత్వానికి గీటురాయి ఆజ్ఞ కాదు, కరుణ. 1934లో స్కాట్లండులో ఆయన స్థాపించిన గోర్డన్‌స్టన్ పాఠశాల విద్యార్థులు పాఠాలతోపాటు సముద్రతీరాన రక్షణ కాపలా కూడా కాసేవారు. దేహదార్ఢ్యానికి, సాహసయాత్రకు, సేవకు గుర్తింపుగా 1936లో అక్కడ మోరే బ్యాడ్జి వెలసినది. 1941లో వేల్స్ తీరాన అబెర్‌డవీలో, నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్ తోడ్పాటుతో, ‘ఔట్‌వర్డ్ బౌండ్’ పేరిట మరొక శిక్షణాలయం ఏర్పడినది.

గోర్డన్‌స్టన్ తొలి విద్యార్థులలో ఒకరైన ఫిలిప్ రాకుమారుడు, తరువాత ఎడిన్‌బరో డ్యూక్ అయి, 1956లో తన బిరుదు పేరిట దేశవ్యాప్తంగా ఒక పురస్కార పథకాన్ని ప్రారంభించినారు. 1953లో ఎవరెస్టును జయించిన దళానికి నాయకత్వం వహించిన జాన్ హంట్ దానికి తొలి డైరెక్టరు. మొదట 15 నుండి 18 ఏండ్ల బాలురకే ఉద్దేశించిన ఈ పథకాన్ని 1958లో బాలికలకూ విస్తరింపజేసినారు.

ఇందులో కంచు, వెండి, బంగారు పతకాలనే మూడు మెట్లున్నవి. ఇతరులతో పోటీ లేదు; ఎవరి పరీక్ష వారిదే. సేవ, వ్యాయామం, నైపుణ్యాలతోపాటు యాత్ర తప్పనిసరి. సాధారణంగా నలుగురు మొదలు ఏడుగురు వరకు ఒక జట్టు. కంచు మెట్టులో రెండు పగళ్ళు, ఒక రాత్రి; బంగారు మెట్టులో నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు. గుడారం, ఆహారం తామే మోసుకొనవలె. పటం చూచి దారి తామే తెలుసుకొనవలె. ముందుగా తగిన శిక్షణ ఇచ్చిన పెద్దలు, యాత్రవేళ దూరాన ఉండి కనిపెట్టుకొని ఉంటారే తప్ప వెంట నడువరు.

పథకానికి ప్రాణం ఆ దూరంలోనే ఉన్నదని మా అభిప్రాయం. వానలో దారి తప్పినప్పుడు గద్దింపు పనికిరాదు. పటం చదువగలవాని మాట వినవలె. అలసినవాని మూట పంచుకొనవలె. వెనుకబడినవాని నడకనుబట్టి జట్టు నడక సాగవలె. ఆ క్షణాన ఎవరు బరువెత్తుకుంటే వారే నాయకులు.

అయితే బూట్లకు, గుడారాలకు, ప్రయాణానికి ధనం కావలె. కలవారి బిడ్డలకు సులభమైనది లేనివారి బిడ్డలకు అందని ద్రాక్ష కారాదు. అంతకన్న కష్టమైనది మరొకటి ఉన్నది: బిడ్డలను నమ్మి, నేర్పవలసినది నేర్పి, నాలుగు అడుగులు వెనుకకు తగ్గి నిలువగల ధైర్యం. అది పెద్దలకు పెట్టిన పరీక్ష.